ఈసీహెచ్‌ఎస్ కార్డు చూపించినా అడ్వాన్సు కట్టమన్నారు: ఇప్పుడు ఏం చేయాలి?

నాయక్ గారి అమ్మాయి

అందరికీ నమస్కారం. మా నాన్నగారు సైన్యంలో నాయక్‌గా పనిచేసి 2001లో పింఛన్ మీద వచ్చారు. నిన్న రాత్రి గుండెనొప్పి వస్తే దగ్గరలో ఉన్న ఎంప్యానెల్డ్ ఆసుపత్రికి, అంటే మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్‌ఎస్ జాబితాలో ఉన్నదానికి, తీసుకువెళ్లాం. స్మార్ట్ కార్డు చూపించగానే కౌంటర్‌లో ఉన్న వ్యక్తి మొహం మారిపోయింది. ఈసీహెచ్‌ఎస్ బెడ్లు నిండిపోయాయట, మామూలు పేషెంటుగా చేర్చుకుంటాం, లక్షన్నర అడ్వాన్సు కట్టమన్నారు. నాన్నగారు స్ట్రెచర్ మీద చెమటలు కక్కుతున్నారు. ఆ సమయంలో ఎవరితో వాదిస్తాం? మా మేనమామ దగ్గర తీసుకుని కట్టేశాం. రాత్రికి రాత్రే స్టెంట్ వేశారు. ప్రాణాపాయం తప్పిందని చెప్పారు, ఇంకా ఐసీయూలోనే ఉన్నారు.

ఈ రోజు ఈసీహెచ్‌ఎస్ సొంత క్లినిక్ అయిన పాలీక్లినిక్‌కు ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఆసుపత్రి వారేమో ‘ముందు డబ్బు కట్టి తర్వాత క్లెయిము పెట్టుకోండి’ అంటున్నారు. ఈ కార్డు కోసం నాన్నగారు తన వంతు డబ్బు కట్టారు. అవసరం వచ్చిన రాత్రి పనికిరాకపోతే అది ఎందుకు? దయచేసి తెలిసినవారు దారి చూపించండి.

సుబేదార్ ఏఎంసీ

అమ్మా, నాన్నగారు కోలుకుంటున్నారు కదా, సగం పని అయినట్టే. ఆర్మీ మెడికల్ కోర్‌లో పనిచేసి వచ్చాక నేను కొంతకాలం ఒక పాలీక్లినిక్‌లో కాంట్రాక్టు మీద ఉన్నాను. అందుకని లోపలి పద్ధతి తెలుసు.

అత్యవసర స్థితిలో పాలీక్లినిక్ నుంచి రెఫరల్ చీటీ అక్కరలేదు. ఎంప్యానెల్డ్ ఆసుపత్రికి నేరుగా వెళ్లవచ్చు. రోగి చేరిన సంగతిని 48 గంటల్లోగా పాలీక్లినిక్‌కు తెలియజేయాల్సిన బాధ్యత ఆ ఆసుపత్రిదే. మిమ్మల్ని మామూలు పేషెంటుగా రాసుకున్నారు కాబట్టి వారు తెలియజేసి ఉండరు. గడువు ఇంకా మీ చేతిలోనే ఉంది. రేపు ఉదయం పాలీక్లినిక్ తలుపు తీసే వేళకు మీ ఇంటివారు ఎవరో ఒకరు అక్కడ నిలబడాలి. ఫోను మీద ఆధారపడకండి.

కార్డు, పీపీవో (పింఛన్ మంజూరు ఉత్తర్వు) నకలు, ఆసుపత్రిలో చేర్చిన కాగితం, అడ్వాన్సు రసీదు, అత్యవసరంగా చేర్చుకున్నామని డాక్టరు రాసిన ధ్రువపత్రం వెంట ఉండాలి. పాలీక్లినిక్ అధికారి ఓఐసీ గారి పేర ఒక పేజీ దరఖాస్తు రాయండి. ఎన్ని గంటలకు తీసుకువెళ్లారు, కార్డు ఎవరికి చూపించారు, ఏమని చెప్పి డబ్బు తీసుకున్నారు, ఇవి చాలు. రెండు ప్రతులు రాసి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఆ ముద్ర పడిన కాగితమే రేపటి నుంచి మీ బలం.

ఈ ఆసుపత్రులు ఈసీహెచ్‌ఎస్‌తో ఒప్పందం మీద సంతకం చేసే ఎంప్యానెల్ అవుతాయి. కార్డుదారునికి నగదు రహితంగా వైద్యం చేయడమే ఆ ఒప్పందంలోని అసలు షరతు. ప్రాణాపాయంలో వచ్చిన మనిషి దగ్గర అడ్వాన్సు పట్టే హక్కు వారికి లేదు. బెడ్లు లేవని ఎవరైనా అంటే ‘అదే మాట మీ లెటర్‌హెడ్ మీద రాసి ఇవ్వండి’ అని అడగండి. నోటితో కాదనేవారు చాలామంది కాగితం మీద కాదనలేరు.

సిగ్నల్స్ హవల్దార్

సుబేదార్ గారు చెప్పింది అక్షరాలా చేయండి చెల్లెమ్మా. నేను మాత్రం ఇంకో మాట అనకుండా ఉండలేను. డెబ్బై ఏళ్ల దగ్గర పడిన మనిషి, గుండె పట్టుకుని పడిపోయిన రాత్రి కూడా తన హక్కును తానే వాదించి తెచ్చుకోవాలా? సరిహద్దులో ఉన్నప్పుడు మాకు చెప్పిన మాట వేరు. నీ ఇల్లు మేము చూసుకుంటాం, నువ్వు డ్యూటీ చూసుకో అన్నారు.

2003 ఏప్రిల్ 1న ఈసీహెచ్‌ఎస్ మొదలు కాకముందు సంగతి ఈ తరానికి తెలియదు. అప్పుడు మాకు మిలిటరీ ఆసుపత్రులే దిక్కు, అదీ సర్వీసులో ఉన్నవారికి పోగా ఖాళీ ఉంటేనే. తెలుగు జిల్లాల్లో పల్లెటూళ్లలో స్థిరపడిన జవాను సికింద్రాబాద్ మిలిటరీ హాస్పిటల్‌కో, విశాఖపట్నంలోని ఐఎన్‌హెచ్‌ఎస్ కళ్యాణికో పోవాలి. రైలు దిగేసరికే రోగం ముదిరేది. అందువల్ల ఈ పథకం వచ్చినప్పుడు సంబరపడ్డవాళ్లలో నేనూ ఒకణ్ణి. దేశమంతటా 400కు పైగా పాలీక్లినిక్‌లు వచ్చాయి. పథకం మంచిదే. దాన్ని ఆసుపత్రి గుమ్మంలో నీరుగార్చడం చూస్తేనే కడుపు రగులుతుంది.

బిల్లింగ్ డెస్క్

నేను ఒక ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్ విభాగంలో పనిచేస్తున్నాను. ఇక్కడ నా మాట ఎవరికీ నచ్చకపోవచ్చు, అయినా చెప్పాలి. ఆ చెల్లి దగ్గర అడ్వాన్సు తీసుకోవడం తప్పు, దాన్ని నేను సమర్థించను. ఎందుకు అలా జరుగుతోందో మాత్రం తెలియాలి.

ఈసీహెచ్‌ఎస్ పేషెంటుకు మేం కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం సీజీహెచ్‌ఎస్ రేట్లతోనే బిల్లు వేయాలి. ఆ రేట్లు 2014 తర్వాత పెద్ద ఎత్తున మారింది 2025 అక్టోబరులోనే. మధ్యలో జీతాలు, ఆక్సిజన్, పరికరాలు అన్నీ పెరిగాయి. పైగా బిల్లు ఆన్‌లైన్‌లో పెట్టాక ఒక పరిశీలకుడు ఒక ప్రశ్న అడుగుతాడు, జవాబిస్తే ఇంకొకరు ఇంకో ప్రశ్న. కోతలు పోను మిగిలిన డబ్బు రావడానికి నెలలు పడుతుంది. ఒకసారి మా యాజమాన్యం ఈసీహెచ్‌ఎస్ బకాయిలు ముందు పెట్టుకుని ‘ఇక ఓపీడీ (చేర్చుకోకుండా చూసే ఔట్‌పేషెంట్) వరకే చూద్దాం’ అన్నది. కౌంటర్‌లో కూర్చున్న కుర్రవాడికి పైనుంచి వచ్చే సూచన ఒక్కటే, ఈసీహెచ్‌ఎస్ అడ్మిషన్లు తగ్గించు అని. వాడు ఆ మాట చెప్పలేక బెడ్లు లేవంటాడు.

సుబేదార్ ఏఎంసీ

మీరు దాచకుండా చెప్పినందుకు సంతోషం. బకాయిల సమస్య నిజం. 2015లో ప్రభుత్వ ఆడిట్ సంస్థ కాగ్ ఈ పథకం మీద ప్రత్యేకంగా నివేదిక ఇచ్చింది, డాక్టర్ల కొరత, మందుల కొరత, బిల్లుల తంతు అన్నీ అందులో ఉన్నాయి. అయితే ఆసుపత్రికీ ప్రభుత్వానికీ మధ్య ఉన్న లెక్కను రోగి స్ట్రెచర్ దగ్గర తేల్చుకోవడం ఏ న్యాయం? నష్టం అనుకుంటే ఒప్పందం నుంచి బయటికి రావచ్చు. పేరు జాబితాలో ఉంచుకుని, బోర్డు గుమ్మానికి తగిలించి, మనిషిని వెనక్కి పంపడం కుదరదు.

నాయక్ గారి అమ్మాయి

ఈ రోజు మా తమ్ముడు ఉదయాన్నే పాలీక్లినిక్‌కు వెళ్లాడు. ఓఐసీ గారు మంచివారు, దరఖాస్తు చదవగానే ఆసుపత్రికి స్వయంగా ఫోను చేశారు. మధ్యాహ్నానికి ఆసుపత్రి వారు నాన్నగారి పేరును ఈసీహెచ్‌ఎస్ కింద మార్చారు. అడ్వాన్సు మాత్రం బిల్లు ఆమోదం పొందాక తిరిగి ఇస్తామంటున్నారు. ఇప్పుడు కొత్త మాట ఒకటి. వేసిన స్టెంట్ ఖరీదైనదట, ఈసీహెచ్‌ఎస్ ఇచ్చే మొత్తానికి పైన తేడా మేమే భరించాలట. ఇది నిజమా?

సుబేదార్ ఏఎంసీ

ఆ రాత్రి ఏ కాగితం మీద సంతకం చేయించుకున్నారో ముందు చూడండి. ఖరీదైనది కావాలని, తేడా మేమే కడతామని మీ సంతకం ఉంటే వారు దాన్ని చూపిస్తారు. అలాంటిది లేకపోతే మీరు రూపాయి ఇవ్వనక్కరలేదు. గుండె స్టెంట్ల ధరకు 2017 ఫిబ్రవరి నుంచి జాతీయ ఔషధ ధరల సంస్థ పరిమితి పెట్టింది. స్టెంట్ పెట్టె మీది స్టిక్కరు అడిగి తీసుకోండి, బిల్లులో రాసిన ధరతో పోల్చండి.

అడ్వాన్సు విషయంలో ‘బిల్లు ఆమోదం పొందాక’ అనే మాటకు ఒప్పుకోకండి. వారి బిల్లు ఎప్పుడు ఆమోదం పొందుతుందో దేవుడికి తెలియాలి. మీ డబ్బుకూ దానికీ సంబంధం లేదు. డిశ్చార్జి రోజే ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే ఆ ప్రతితో ఈసీహెచ్‌ఎస్ ప్రాంతీయ కేంద్రానికి ఫిర్యాదు పంపండి. కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్‌లో కూడా నమోదు చేయండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. స్టెంట్ వేశాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు ఒక్క రోజు కూడా ఆపకూడదు. డిశ్చార్జి కాగానే పాలీక్లినిక్‌కు వెళ్లి మందుల చీటీ రాయించుకోండి. అక్కడ ఆ మాత్ర లేకపోతే ‘వచ్చే వారం రండి’ అంటారు. వచ్చే వారం దాకా గుండె వేచి ఉండదు. మందు లేదని చీటీ మీద ఎన్‌ఏ (నాట్ అవైలబుల్) రాయించుకుని బయట కొనండి, బిల్లు జాగ్రత్త చేయండి, తర్వాత ఆ డబ్బు కోరవచ్చు.

మాధవరం కోడలు

మా అత్తవారిది పశ్చిమ గోదావరిలోని మిలిటరీ మాధవరం. మా ఊళ్లో సైన్యంలో పనిచేసినవారు లేని ఇల్లు వెతకాలి, మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ అంతే. అంతటి ఊళ్లో కూడా మా అత్తగారికి కార్డు రావడం లేదు. మామగారు 1990లో రిటైరయ్యారు, రెండేళ్ల క్రితం కాలం చేశారు. అత్తగారి పేరు డిశ్చార్జి బుక్కులో ‘వెంకాయమ్మ’ అని ఉంది, ఆధార్‌లో ‘వెంకటరత్నమ్మ’ అని ఉంది. పుట్టిన తేదీ కూడా కలవదు. కుటుంబ పింఛన్ వస్తోంది కానీ కార్డు దరఖాస్తు తిరిగి వచ్చింది. మామగారు ఉన్నన్నాళ్లూ నెలకు వెయ్యి రూపాయల మెడికల్ అలవెన్సు తీసుకుంటూ కార్డు తీసుకోలేదు. ఇప్పుడు ఆవిడకు మోకాళ్లు, షుగరు. ఈ వయసులో కొత్తగా చేర్చుకుంటారా?

రికార్డుల గుమాస్తా

అక్కా, ఇది రోజూ వచ్చే సమస్య. ఆ రోజుల్లో రిక్రూట్ పెళ్లి కాగితం యూనిట్‌కు పంపితే అక్కడి క్లర్కు హిందీలోనో ఇంగ్లీషులోనో తనకు వినిపించినట్టు రాసుకునేవాడు. ఇంటి పిలుపు పేరే రికార్డులో స్థిరపడింది. తర్వాత ఆధార్ వచ్చింది.

మామగారి రెజిమెంట్ రికార్డు ఆఫీసుకు రాయండి. రెండు పేర్లూ ఒకే వ్యక్తివని అఫిడవిట్, ఆధార్, పీపీవో నకలు జత చేయండి. దరఖాస్తును జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే వారి ముద్ర ఉంటుంది, తిరిగి అడిగేవారూ ఉంటారు. రికార్డు ఆఫీసు సవరించాక పింఛన్ వివరాలు రక్షణ శాఖ పింఛన్ పోర్టల్ స్పర్శ్‌లో మారాలి, ఆ తర్వాతే కార్డు. ఆధార్‌ను మార్చేయడం సులువని కొందరు సలహా ఇస్తారు. ఆస్తి కాగితాలు, బ్యాంకు ఖాతా అన్నీ ఆధార్ పేరు మీద ఉంటే అది కొత్త తలనొప్పి.

వయసు, ఉన్న రోగాలు అడ్డం కావు. ఇది ప్రైవేటు పాలసీ కాదు. మెడికల్ అలవెన్సు వదులుకోవాలి, అది నిలిపేసినట్టు కాగితం కావాలి. 1996 జనవరి 1కి ముందు రిటైరైనవారి కుటుంబాలు పథకంలో చేరే చందా కూడా కట్టనక్కరలేదు. మీ మామగారు 1990 అన్నారు కాబట్టి అత్తగారికి ఆ మినహాయింపు ఉంది. ఎవరైనా డబ్బు కట్టమంటే ఈ తేదీ చూపించండి.

మాధవరం కోడలు

చందా ముప్పై వేలు కట్టాలని ఒక ఇంటర్నెట్ కేంద్రంలో చెప్పారు. అందుకే ఇన్నాళ్లూ ఆగాం.

రికార్డుల గుమాస్తా

ముప్పై వేలు హవల్దార్ వరకు ఉన్న ర్యాంకులకు. జేసీవోలకు, అంటే సుబేదార్ స్థాయివారికి, 67 వేలు, అధికారులకు 1,20,000. అది ఇప్పటి లెక్క. మీకు వర్తించదు. యుద్ధంలో అమరులైనవారి భార్యలకు కూడా మినహాయింపు ఉంది.

సిగ్నల్స్ హవల్దార్

ఆ ఇంటర్నెట్ కేంద్రం మాట మీద ఒక పెద్దావిడ రెండేళ్లు మందులు సొంత డబ్బుతో కొనుక్కుంది. ఆ సమాచారం పింఛన్ కాగితంతోపాటే ఆమెకు తెలుగులో అంది ఉండాలి. మన వీరనారీలలో, మన తల్లులలో ఎంతమంది ఇంగ్లీషు సర్క్యులర్ చదవగలరు? జిల్లాలో ఒక మనిషి, నెలకు ఒకసారి మండలానికి వచ్చి కూర్చుంటే సగం సమస్యలు అక్కడే తీరతాయి.

ఇంకొకటి, డెబ్బై దాటినవారికి ఆయుష్మాన్ కార్డు ఇస్తున్నారు కదా, ఈసీహెచ్‌ఎస్ వదిలి దానిలోకి మారితే ఆసుపత్రులు మర్యాదగా చూస్తాయని మా సంఘంలో కొందరు అంటున్నారు. ఏమంటారు?

సుబేదార్ ఏఎంసీ

తొందరపడి మారవద్దు. 2024 అక్టోబరులో డెబ్బై ఏళ్లు దాటిన అందరికీ అయిదు లక్షల వరకు ఆయుష్మాన్ వర్తింపజేశారు, నిజమే. ఈసీహెచ్‌ఎస్ ఉన్నవారు రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. ఆయుష్మాన్ కార్డు ఆసుపత్రిలో చేరినప్పుడే పనికి వస్తుంది, అదీ అయిదు లక్షల వరకు. ఈసీహెచ్‌ఎస్‌లో మొత్తానికి పరిమితి లేదు, రోజువారీ మందులు, పరీక్షలు, పంటి వైద్యం కూడా ఉన్నాయి. డయాలిసిస్ మీదున్న ఒక తోటి సైనికుణ్ణి నాకు తెలుసు. మారి ఉంటే ఆయన మందుల ఖర్చు కిందే కుంగిపోయేవాడు. కౌంటర్‌లో ఒక మనిషి మర్యాద లేకుండా మాట్లాడాడని మనం డబ్బు కట్టి సంపాదించుకున్న హక్కును వదులుకోకూడదు.

ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ పొడిగింపు ఉంది కదా, అది ఆసుపత్రి ఖర్చు ఇస్తుందని అనుకునేవారు కూడా ఉన్నారు. అది జీవిత బీమా మాత్రమే.

ఒక సైనికుని భార్య

ఇక్కడ అందరూ గుండె, మోకాళ్లు, స్టెంట్ గురించి మాట్లాడుతున్నారు. నేను వేరే సంగతి అడగాలి. ఎవరూ తప్పుగా అనుకోవద్దు. మా వారు కాశ్మీరులో చాలాకాలం ఉన్నారు. ఇంటికి వచ్చి నాలుగేళ్లయింది. రాత్రి నిద్రపోరు. దీపావళి నాడు తలుపులన్నీ వేసుకుని మంచం పక్కన నేల మీద కూర్చుంటారు. పిల్లల మీద చేయి చేసుకుని తర్వాత తానే ఏడుస్తారు. మా పాలీక్లినిక్‌లో మానసిక వైద్యుడు లేరు. అక్కడి డాక్టరు నిద్రమాత్ర రాశారు. ‘పిచ్చి డాక్టరు’ దగ్గరికి పంపమని నేను అడిగినట్టు తెలిస్తే ఊళ్లో తలెత్తుకోలేమని మా వారి బాధ.

సుబేదార్ ఏఎంసీ

అమ్మా, మీరు చెప్పింది ఒక గాయం. తూటా తగిలితే ఎలా చికిత్స చేస్తారో దీనికీ అలాగే చేస్తారు, నయం కూడా అవుతుంది. నేను యూనిట్లలో ఇలాంటి జవాన్లను చూశాను. ధైర్యంలో వారు ఎవరికీ తీసిపోరు.

పాలీక్లినిక్‌లో స్పెషలిస్టు లేకపోతే ఎంప్యానెల్డ్ ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి రెఫరల్ ఇవ్వాల్సిందే. మెడికల్ ఆఫీసరు దగ్గర ‘నిద్ర పట్టడం లేదు’ అని మాత్రమే చెబితే నిద్రమాత్రే వస్తుంది. మీరు ఇక్కడ రాసిన నాలుగు వాక్యాలు అక్కడ యథాతథంగా చెప్పండి, లేదా రాసి ఇవ్వండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం శారీరక రోగాలతో సమానంగా మానసిక రోగాలకూ వైద్యం, బీమా ఉండాలని చెబుతోంది. వేరే పట్టణంలోని ఆసుపత్రికి రెఫరల్ అడగండి, ఊళ్లో ఎవరికీ తెలియాల్సిన పని లేదు. పిల్లల్ని కొట్టే పరిస్థితి ఉందన్నారు కాబట్టి దీన్ని వచ్చే నెలకు వాయిదా వేయకండి. చనిపోవాలన్న మాట ఆయన నోట ఎప్పుడు వచ్చినా ఆ క్షణమే ఆసుపత్రికి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలిమానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

మాధవరం కోడలు

అక్కా, మా బావగారిదీ ఇదే కథ. వైద్యం మొదలుపెట్టాక మనిషి మళ్లీ మాకు దక్కాడు. మొదటిసారి ఆయన వెళ్లనంటే మా తోడికోడలు ఒక్కతే వెళ్లి డాక్టరుతో మాట్లాడి వచ్చింది. మీరూ అలా చేయవచ్చు.

కడప జవాను

మీ అందరికీ కార్డు రావడం, పనిచేయకపోవడం సమస్య. నాకు అసలు కార్డే లేదు. 1997లో సైన్యంలో చేరాను. చేరేటప్పుడు అన్ని పరీక్షలూ నెగ్గాను. 2005లో మూర్ఛ వచ్చిందని మెడికల్ బోర్డు పెట్టి ఇంటికి పంపేశారు. సర్వీసుకు ఈ జబ్బుకు సంబంధం లేదని రాశారు. పదేళ్లు నిండలేదని పింఛన్ ఇవ్వలేదు, గ్రాట్యుటీ చేతిలో పెట్టారు. పింఛన్ లేదు కాబట్టి ఈసీహెచ్‌ఎస్ లేదు. ప్రైవేటు బీమా వారు మూర్ఛ అనగానే ఫారం వెనక్కి ఇచ్చారు. నెలనెలా మాత్రలు సొంత డబ్బుతో కొంటున్నాను. కూలికి పోయినప్పుడు ఎక్కడ పడిపోతానో అని మా ఆవిడ భయం. మా ఇంటి గోడ మీద యూనిఫాంలో ఉన్న ఫోటో ఉంది. దాన్ని చూపించి ఏ ఆసుపత్రిలో ఏం అడగగలను?

ట్రిబ్యునల్ న్యాయవాది

అన్నా, మీ విషయంలో చేయగలిగింది చాలా ఉంది. ఓపికగా చదవండి.

సుప్రీంకోర్టు 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో తీర్పు ఇచ్చింది. ఆయన సిగ్నల్స్ కోర్‌లో 1985లో చేరారు, మూర్ఛ వచ్చిందని 1994లో పంపేశారు. పుట్టుకతో వచ్చే లక్షణం, సర్వీసుకు సంబంధం లేదు అని బోర్డు రాసింది. మీ కథే. కోర్టు ఏమన్నదంటే, చేరేటప్పుడు ఆ జబ్బు ఉన్నట్టు రికార్డులో రాయకపోతే అతను ఆరోగ్యంగా చేరాడనే భావించాలి. తర్వాత వచ్చిన జబ్బు సర్వీసు వల్ల కాదని నిరూపించాల్సింది సైన్యమే, జవాను కాదు. కారణాలు చెప్పకుండా ‘సంబంధం లేదు’ అని ఒక వరుస రాస్తే చాలదు. ఆయనకు వైకల్య పింఛన్ ఇవ్వమని ఆదేశించింది.

వైకల్య పింఛన్ వస్తే మీరు పింఛన్‌దారు అవుతారు, ఈసీహెచ్‌ఎస్‌కు అర్హత కూడా దానితోనే వస్తుంది. సాయుధ దళాల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. 2007 చట్టం కింద ఏర్పడింది అది. ఆలస్యమైందని భయపడకండి. పింఛన్ ప్రతి నెలా కొనసాగే హక్కు కాబట్టి ఆలస్యమైనా కేసు వింటారు, పాత బకాయిలు మాత్రం సాధారణంగా కేసు వేయడానికి ముందు మూడేళ్లకే పరిమితం చేస్తారు. అంటే మీరు ఆలస్యం చేసిన ప్రతి నెలా మీ డబ్బే పోతుంది.

పదేళ్లు నిండకుండా వైద్య కారణాలతో బయటికి వచ్చినవారికి ఇన్‌వ్యాలిడ్ పింఛన్ ఇస్తామని 2020లో రక్షణ శాఖ చెప్పింది కానీ 2019 జనవరి 4 నాటికి సర్వీసులో ఉన్నవారికీ ఆ తర్వాతివారికీ పెట్టారు. మీరు దానిలోకి రారు. ఆ తేదీ వెనక ఉన్న న్యాయం నాకు ఎప్పుడూ బోధపడలేదు. 2005లో మూర్ఛ వచ్చినవాడికి, 2019లో వచ్చినవాడికి తేడా ఏమిటి?

సిగ్నల్స్ హవల్దార్

మా కోర్ జవానే గెలిచాడన్న మాట ఇప్పుడే తెలిసింది. కడప తమ్ముడూ, నువ్వు ఒంటరివి కావు.

అగ్నివీర్ తండ్రి

కడప అన్న రాసింది చదివాక నాకు రాత్రి నిద్ర లేదు. మా వాడు మొదటి బ్యాచ్ అగ్నివీర్. నాలుగేళ్లు అవగానే నలుగురిలో ఒకరినే ఉంచుకుంటారు. మిగతావారికి సేవానిధి పేరుతో ఒకేసారి డబ్బు వస్తుంది, పింఛన్ లేదు, ఈసీహెచ్‌ఎస్ లేదు, మాజీ సైనికుడన్న హోదా కూడా లేదు. సర్వీసులో ఉండగా 48 లక్షల బీమా ఉంది, వైకల్యం వస్తే శాతాన్ని బట్టి ఒకేసారి సాయం ఉంది. బయటికి వచ్చిన రెండేళ్లకు వీపు నొప్పో, చెవి వినపడకపోవడమో మొదలైతే ఎవరు చూస్తారు? ఇరవై రెండేళ్ల పిల్లలు కదా, రోగాలు ఏముంటాయి అంటున్నారు. కడప అన్నకు రోగం వచ్చింది కూడా కుర్రతనంలోనే కదా.

ట్రిబ్యునల్ న్యాయవాది

మీ భయం సరైనది. ఇప్పుడు చేయగలిగింది ఒకటుంది. మీ వాడు బయటికి వచ్చే ముందు ప్రతి చిన్న గాయమూ, ప్రతి ఆసుపత్రి అడ్మిషనూ తన వైద్య రికార్డులో ఎక్కేలా చూసుకోమనండి. మగతనం చూపించుకోవడానికి నొప్పి దాచుకునే కుర్రవాళ్లు తర్వాత నా దగ్గరికి ఖాళీ చేతులతో వస్తున్నారు. విడుదల వైద్య పరీక్షలో వినికిడి పరీక్ష తప్పకుండా అడగాలి. అన్ని కాగితాల నకళ్లూ ఇంటికి పంపమనండి. బయటికి వచ్చాక ఏడాదిలోపు సొంతంగా ఆరోగ్య బీమా తీసుకోవాలి. రోగాలేవీ లేని వయసులో తీసుకుంటే ప్రీమియం తక్కువ. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ కూడా లేదు. ముందే ఉన్న జబ్బులకు వేచి ఉండే కాలం 2024 నుంచి గరిష్ఠంగా మూడేళ్లకు తగ్గించారు.

నియమాలు మారవని అనుకోకండి. శిక్షణలో గాయపడి ఇంటికి పంపేసిన ఆఫీసర్ కేడెట్లకు ఏళ్ల తరబడి ఈసీహెచ్‌ఎస్ లేదు. 2025 ఆగస్టులో పత్రికా కథనం చూసి సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుంది, ఆ నెలాఖరుకు ప్రభుత్వం వారిని పథకంలోకి తెచ్చింది, చందా కూడా వదిలేసింది. వీల్‌చెయిర్లలో ఉన్న ఆ యువకులు, వారి తల్లులు నోరు విప్పడం వల్లే అది సాధ్యమైంది.

బిల్లింగ్ డెస్క్

న్యాయవాది గారూ, ఒక సందేహం. ఎంప్యానెల్ కాని ఆసుపత్రిలో అత్యవసరంగా చేరినవారి క్లెయిములు ‘జాబితాలో లేని ఆసుపత్రి’ అని తిరస్కరించడం చూస్తుంటాను. దానికి ఏమైనా ఆధారం ఉందా?

ట్రిబ్యునల్ న్యాయవాది

2018లో శివకాంత్ ఝా కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. జాబితాలో ఆసుపత్రి పేరు లేదన్న ఒక్క కారణంతో వైద్య ఖర్చు నిరాకరించకూడదు. చికిత్స నిజంగా జరిగిందా, అవసరమైందా అన్నదే చూడాలి. అది సీజీహెచ్‌ఎస్ పింఛన్‌దారు కేసు, అదే నమూనా మీద నడిచే ఈసీహెచ్‌ఎస్‌కూ వాదనగా పనికివస్తుంది. అయితే 48 గంటల్లో సమాచారం ఇవ్వడం, అత్యవసర ధ్రువపత్రం, అసలు బిల్లులు ఉండాలి. సీజీహెచ్‌ఎస్ రేటు వరకే వస్తుందని కూడా ముందే తెలుసుకోవాలి.

కడప జవాను

అన్నా, నా దగ్గర డిశ్చార్జి బుక్కు తప్ప ఏమీ లేదు. బోర్డు కాగితాలు ఎప్పుడూ ఇవ్వలేదు. లాయరు ఫీజు కట్టే స్థితి కూడా లేదు.

ట్రిబ్యునల్ న్యాయవాది

ముందు మీ రికార్డు ఆఫీసుకు సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, పది రూపాయల ఖర్చు. మూడు అడగండి: చేరినప్పటి వైద్య పరీక్ష కాగితం, విడుదల వైద్య బోర్డు పూర్తి నకలు, మీరు ఏయే ప్రాంతాల్లో పనిచేశారో చూపించే సర్వీసు రికార్డు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే మొదటి అప్పీలు. ఎత్తయిన కొండ ప్రాంతాల్లో, ఉగ్రవాద ప్రాంతాల్లో పనిచేసినట్టు ఉంటే అది మీకు బలం. బోర్డు రాసిన కారణం ఎన్ని వరుసలుందో చూసి నాకు ఇక్కడే చెప్పండి. ఫీజు లేకుండా న్యాయ సేవల సంస్థ ద్వారా న్యాయవాదిని అడగవచ్చు, దరఖాస్తు రాసి పెట్టే బాధ్యత నాది. ఈలోగా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో పింఛన్ లేనివారికి వైద్య సాయం కింద రక్షణ మంత్రి నిధి నుంచి ఏం వస్తుందో అడగండి.

రికార్డుల గుమాస్తా

ఆర్టీఐ దరఖాస్తులో ఆర్మీ నంబరు, రెజిమెంట్, బయటికి వచ్చిన తేదీ పైనే రాయండి. 2005 నాటి ఫైలు కాబట్టి పాత కాగితాలు తీసేశామని జవాబు రావచ్చు. అలా వస్తే ఏ ఉత్తర్వు ప్రకారం, ఏ తేదీన తీసేశారో చెప్పమని వెంటనే రెండో దరఖాస్తు పెట్టండి. మెడికల్ బోర్డు కాగితాల ఒక ప్రతి పింఛన్ మంజూరు కార్యాలయానికి కూడా వెళ్లి ఉంటుంది, అక్కడ కూడా అడగండి.

కడప జవాను

రేపే పోస్టు చేస్తాను. మా మండలంలో నాలాగే బోర్డు అయి వచ్చినవారు ఇంకొందరు ఉన్నారు, ఒకరికి చదువు రాదు. వారి దరఖాస్తులు కూడా నేనే రాసి పంపవచ్చా, లేక ఎవరిది వారే పెట్టాలా?

రికార్డుల గుమాస్తా

మీరు రాయవచ్చు, కానీ ఎవరి పేరు మీద వారి సంతకమో వేలిముద్రో ఉండాలి. వేరేవారి సర్వీసు కాగితాలు మీకు ఇవ్వరు. ఒక్కొక్కరికి విడివిడి కవరు, విడివిడి స్పీడ్ పోస్టు.